బల్ల అయిపోయిందా అయ్యగారూ?

(ఆవడిలో జరిగిన తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు క్రైస్తవ యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "ప్రొటెస్టెంట్ సంఘాలలో ప్రభు భోజన ఆరాధన నూతనీకరణ". ఈ మాట వినగానే సెమినరీ రోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో అయితే లూథర్ ఏమన్నాడు, జ్వింగ్లీ ఏమన్నాడు అని గంటసేపు మాట్లాడి ఉండేవాణ్ణి. 1529లో మార్బర్గ్‌లో వాళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఈ బల్ల గురించే వాదించుకుని, కలవకుండానే లేచిపోయారు. ఆ వాదన చిన్నదని నేననను. కానీ నన్ను ఈ అంశం ముందు నిలబెట్టింది ఆ వాదన కాదు, మా సంఘంలో ఒక అక్క అడిగిన ప్రశ్న.

ఆమె పేరు చెప్పను. వీధులు ఊడ్చే పని, కాంట్రాక్టరు కింద. తెల్లవారుజామున ఐదున్నరకు హాజరు పట్టీలో వేలిముద్ర పడాలి. ఆదివారమైనా సరే, రాకపోతే ఆ రోజు కూలి పోతుంది. వాళ్ల తాతలు నెల్లూరు వైపు నుంచి పట్నం వచ్చారు. మద్రాసు పారిశుధ్య పనికి తెలుగు నాటి మాల, మాదిగ కుటుంబాలు తరతరాలుగా రావడం మీకు నేను చెప్పాల్సిన సంగతి కాదు. ఈ హాల్లోనే ఆ ఇళ్ల పిల్లలున్నారు. ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చిన వాళ్ల పిల్లలూ ఉన్నారు, రైల్వే వాళ్లూ ఉన్నారు. తిరుత్తణి నుంచి వచ్చిన వారి తాతలైతే ఎక్కడినుంచీ రాలేదు. 1960 దాకా వాళ్లు చిత్తూరు జిల్లా వాళ్లే, సరిహద్దే వాళ్ల ఇంటి మీదుగా జరిగింది. ఇంతమందిమి వేరువేరు దారుల్లో వచ్చి, ఆదివారం ఒకే గుడిలో కూర్చుంటున్నాం.

మా సంఘంలో బల్ల నెలకు ఒక్కసారి, మొదటి ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర ఆరాధనలో. పదిన్నరకల్లా ఆశీర్వాదం అయిపోతుంది. ఆ అక్కను పనిలోంచి వదిలేది పదిన్నరకు. ఇంటికెళ్లి, స్నానం చేసి, చీర మార్చుకుని వచ్చేసరికి పదకొండు దాటుతుంది. ఒక మొదటి ఆదివారం నేను వెస్ట్రీలో నిలబడి మిగిలిన రొట్టె తింటున్నాను. మిగిలింది పారేయకూడదు, బయటికి పోకూడదు, అక్కడే ముగించాలని మాకు నేర్పారు. గుమ్మం దగ్గర నిలబడి ఆమె అడిగింది: "బల్ల అయిపోయిందా అయ్యగారూ?"

నా నోట్లో రొట్టె ఉంది. మింగి, "అయిపోయిందమ్మా, వచ్చే నెల కొంచెం పెందలాడే రా" అన్నాను. "అట్టాగేనయ్యా" అని వెళ్లిపోయింది.

ఇది ఇక్కడితో ఆగితే నేను మరిచిపోయేవాణ్ణే. ఆ యేడాది సంఘ ఎన్నికలొచ్చాయి. మా నియమం ప్రకారం సంవత్సరంలో కనీసం మూడుసార్లు బల్లలో చెయ్యి వేయని వారికి ఓటు లేదు. రిజిస్టరు చూసి గుమాస్తా జాబితా తయారు చేశాడు, నేను సంతకం పెట్టాను. కొట్టేసిన పేర్లలో ఆమె పేరుంది. ఆమెతోపాటు ఊడ్చే పని చేసేవాళ్లు, రాత్రి వాచ్‌మన్లు, ఆస్పత్రి ఆయాలు ఉన్నారు. రిజిస్టరులో వాళ్ల పేర్ల పక్కన "క్రమంగా రారు" అని రాసి ఉంది. అది నా చేతిరాతే.

ఆ రాత్రి మొదటి కొరింథీ పదకొండో అధ్యాయం తీశాను. ప్రతి నెలా బల్ల ముందు చదివే అధ్యాయమే. మనం ఇరవై మూడో వచనం దగ్గర మొదలుపెట్టి, ప్రభువు అప్పగింపబడిన రాత్రి సంగతి చదువుతాం. దానికి ముందున్న ఆరేడు వచనాలు సాధారణంగా వదిలేస్తాం. అక్కడ పౌలు కోపంగా ఉన్నాడు. మీరు కూడివచ్చి తినేది ప్రభువు భోజనమే కాదని ముఖం మీద అంటున్నాడు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుగా ఉన్నాడట.

కొరింథులో జరిగిందేమిటి? అప్పట్లో గుడులు లేవు, ఇళ్లలో కూడుకునేవారు. ఇల్లు ఉన్నవాడిది. అతని భోజనాల గదిలో పది మందికి మించి పట్టరు. పొద్దుగూకక ముందే తీరిక ఉన్నవాళ్లు వచ్చి కూర్చునేవారు. బానిసలు, కూలివాళ్లు యజమాని వదిలాక వచ్చేవారు. వాళ్లకు ముంగిట్లో చోటు, మిగిలిన తిండి. జర్మన్ పండితుడు గెర్డ్ థైసెన్ 1970లలో ఈ సంగతిని వివరంగా రాశాక, కొరింథు గొడవను ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య గొడవగా చూడడం పండితుల్లో మామూలైంది. అంటే మన అక్క పదకొండింటికి వచ్చినట్టే, వాళ్లూ పని వదిలాకే వచ్చారు. బల్ల అయిపోయింది.

పౌలు ఇచ్చిన పరిష్కారం ఎంత చిన్నదో చూడండి. ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు. మన తెలుగు బైబిల్లో దానికి వాడిన మాట "కనిపెట్టుకొను". బయటి తెలుగులో కనిపెట్టడమంటే ఆరా తీసి తెలుసుకోవడం. మన క్రైస్తవ తెలుగులో కనిపెట్టడమంటే ఎదురుచూడడం. నాకు ఈ రెండర్థాలూ ఇక్కడ కావాలి. ఎవరు రాలేదో కనిపెట్టాలి, వచ్చేదాకా కనిపెట్టాలి. నేను రెండూ చేయలేదు.

ఆ అధ్యాయంలోనే "అయోగ్యముగా" అన్న మాట ఉంది. ఆ మాట మన సంఘాల్లో ఎంతమందిని బల్లకు దూరం చేసిందో! భర్తతో గొడవపడి వచ్చిన చెల్లెలు లేవదు, అప్పు తీర్చలేని అన్న లేవడు. ముఖ్యంగా బీదవాళ్లే తమను అయోగ్యులనుకుంటారు, చీటీ వ్యాపారం చేసే పెద్దమనిషి ఎన్నడూ అనుకోగా నేను చూడలేదు. పౌలు మాట్లాడింది తినేవాడి అర్హత గురించి కాదు, తినే తీరు గురించి. లేనివాణ్ణి సిగ్గుపరుస్తూ తినడమే అయోగ్యంగా తినడం. ప్రభువు శరీరాన్ని గుర్తించకపోవడం అంటే పక్కన ఆకలితో కూర్చున్న సహోదరుణ్ణి గుర్తించకపోవడం కూడా.

పౌలు తర్వాత ఓ వందేళ్లకు, సుమారు 155లో, జస్టిన్ అనే విశ్వాసి రోమా చక్రవర్తికి ఒక విన్నపం రాశాడు. క్రైస్తవులు ఆదివారం ఏం చేస్తారో అందులో వివరించాడు. లేఖనాలు చదువుతారు, బోధిస్తారు, ప్రార్థిస్తారు, రొట్టె, గిన్నె అందరూ పంచుకుంటారు. తర్వాత రాలేకపోయిన వాళ్లకు పరిచారకులు ఆ భాగాన్ని తీసుకెళ్లి ఇస్తారు. పోగైన కానుకతో అనాథలను, విధవరాండ్రను, రోగులను, ఖైదీలను, పరదేశులను ఆదుకుంటారు. ఇది చదివినప్పుడు నాకు వెస్ట్రీ గుర్తొచ్చింది. మిగిలింది బయటికి పోకూడదన్న నియమం వెనుక భక్తి ఉంది, కాదనను. కానీ మొదటి సంఘంలో బయటికి పంపడమే భక్తి.

మరి మనకు బల్ల నెలకొకటి ఎందుకైంది? చరిత్ర కొంచెం చెప్పాలి. మధ్యయుగంలో సామాన్య జనం ఏడాదికి ఒక్కసారి తీసుకుంటే చాలన్నట్టు అయిపోయింది. 1215 లాటరన్ సభ ఈస్టరుకు ఒక్కసారైనా తీసుకోవాలని నియమం పెట్టాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. జనానికి రొట్టె మాత్రమే, గిన్నె గురువులకే. 1415లో కాన్‌స్టన్స్ సభ దాన్ని చట్టం చేసింది, అదే సభ యాన్ హుస్‌ను కాల్పించింది. బొహీమియాలో ఆయన అనుచరులు గిన్నెనే తమ గుర్తుగా పెట్టుకుని పోరాడారు. మామూలు మనిషి చేతికి గిన్నె రావడం కోసం మనుషులు ప్రాణాలిచ్చారు తమ్ముళ్లూ. తర్వాత కాల్విన్ ప్రతి ఆదివారం బల్ల ఉండాలన్నాడు, జెనీవా నగర సభ ఒప్పుకోక ఏడాదికి నాలుగు సార్లకు కుదించింది. అది కాల్విన్ ఓడిపోయిన సంగతి, మనం దాన్ని ప్రొటెస్టెంట్ సంప్రదాయం అనుకుంటున్నాం. జాన్ వెస్లీ కూడా వీలైనప్పుడల్లా తీసుకోమని ఒక ప్రసంగమే రాశాడు.

ఇక మన నేలకు రండి. ఆవడిలో లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగితే వేపేరి ఎంత దూరం? ఆ వేపేరిలో, అటు తంజావూరులో, రెండు వందల యేళ్ల క్రితం క్రైస్తవులు కులాల వారీగా కూర్చునేవారు. పై కులాల వాళ్లు బల్ల దగ్గరికి ముందు వెళ్లేవారు, మిగిలినవాళ్లు తర్వాత. ఎందుకో మీకు తెలుసు. మన భాషలో ఆ మాట ఉంది: ఎంగిలి. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘంలో కులం పూర్తిగా, వెంటనే పోవాలని లేఖ పంపాడు. ఆ లేఖ చదివాక చాలామంది కులాన్ని వదలలేదు, సంఘాన్ని వదిలారు. 1850లో మద్రాసు మిషనరీల సభ ఇంకొక అడుగు వేసింది. ఏ కులపు క్రైస్తవుడితోనైనా కలిసి భోంచేయడానికి సిద్ధపడితేనే కులం వదిలినట్టు లెక్క అంది. నోటితో చెబితే చాలదు, తిని చూపించాలి. మన సంస్కర్తల సహపంక్తి భోజనాల కంటే ముందే ఈ మాట మద్రాసులో వచ్చింది. అయితే మిషనరీల్లోనే కొందరు దానికి ఒప్పుకోలేదని కూడా చెప్పాలి.

బల్లను విడదీస్తే ఏమవుతుందో చూడాలంటే దక్షిణాఫ్రికాకు వెళ్లండి. 1857లో అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ సంఘం ఒక తీర్మానం చేసింది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆరాధించడమే వాక్యానుసారం, కానీ కొందరి బలహీనత వల్ల వేరుగా కూడుకోవచ్చు అని. బలహీనుల కోసం ఇచ్చిన ఆ చిన్న సడలింపు వేరు సంఘాలుగా పెరిగింది, ఆ తెల్లవాళ్ల సంఘమే తర్వాత అపార్థైడ్‌కు వాక్యం వెతికిపెట్టింది. ఒక దేశపు చట్టాలకు విత్తనం బల్ల దగ్గర పడింది.

మనకు మంచి వారసత్వం కూడా ఉంది. 1947 సెప్టెంబర్ 27న మన మద్రాసు సెయింట్ జార్జ్ కేథడ్రల్‌లోనే దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వారసులు కలిశారు. 1950లో వచ్చిన వారి ప్రభు భోజన క్రమాన్ని లోకమంతా ఆసక్తిగా చూసింది. గురువు జనానికి వీపు చూపకుండా బల్ల వెనుక నిలబడి ఎదురుగా చూస్తాడు. రొట్టె, ద్రాక్షరసం జనం మధ్య నుంచి కానుకలతోపాటు వస్తాయి. సమాధానాన్ని చేతుల్లోంచి చేతుల్లోకి అందిస్తారు, ఇది కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర నేర్చుకున్నది. వాళ్లు పెద్దగా కొత్తదేమీ కనిపెట్టలేదు, పాతదాన్ని తవ్వి తీశారు. ఇప్పుడు మన గుడుల్లో ఆ సమాధానం ఎంతదూరం వెళుతుందో గమనించారా? మన బెంచీ చివరిదాకా. మన బెంచీలో మనవాళ్లే కూర్చుంటారు.

తమిళ సోదరుల నుంచి ఇంకొకటి నేర్చుకోవాలి. మధురైలోని తమిళనాడు థియలాజికల్ సెమినరీలో పాఠాలు చెప్పిన థియోఫిలస్ అప్పావు గారు, "పరట్టై" అని పిలుచుకునేవారు, పల్లె పాటల బాణీలో ఆరాధన క్రమం రాశారు. ఆయన ఎప్పుడూ చెప్పిన మాట "ఒరు ఒలై". ఒకే ఎసరు అనుకోండి, అందరి బియ్యం ఒకే కుండలో. ప్రభు భోజనం అర్థం కావాలంటే ముందు ఒకే కుండలో వండుకుని తినాలన్నది ఆయన వాదన. ఆయన పాటలు మీలో కొందరికి తమిళంలో వచ్చే ఉంటాయి. మన తెలుగు సంఘాల్లో మాత్రం ఆ ఆలోచన ఇంకా గుమ్మం బయటే ఉంది.

చిన్న కప్పుల సంగతి అడుగుతారని తెలుసు. క్షయ భయంతో పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో విడి కప్పులు వచ్చాయి. దానికి కొంచెం ముందు, 1869లో, వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు ద్రాక్షరసం పులవకుండా నిలవచేసే పద్ధతి కనిపెట్టాడు. రెండూ కులం కోసం పుట్టినవి కావు. కానీ మన దేశంలోకి వచ్చాక ఎంగిలి సమస్యను అవి సైలెంటుగా తీర్చేశాయి. ఊళ్లో టీ బంకు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి మీద మనం ధర్నా చేస్తాం. గుడిలో మనిషికొక గ్లాసు ఉంటే ఎవరూ ఏమీ అడగనక్కరలేదు. కరోనా తర్వాతైతే మూత అంటించిన కప్పులు కూడా వచ్చాయి, అడుగున రొట్టె, పైన రసం, పక్కవాడి చెయ్యి తగలకుండా. నేను కప్పులన్నీ పారేయమనడం లేదు. నా సంఘంలోనే క్షయ మందులు వాడుతున్నవాళ్లున్నారు, వాళ్లను కాపాడాలి. అయితే భయం జబ్బు గురించా, మనిషి గురించా? మీ మనసులో మీరే తేల్చుకోండి.

నూతనీకరణ అంటే చాలామందికి కొత్త డ్రమ్ముసెట్టు, తెర మీద పాటలు, వెండి పళ్లెం. ఒక్క విషయంలో మాత్రం నేను కొత్తదనం కావాలంటాను, అది భాష. 2006 చట్టం తర్వాత ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మీలో సగం మందికి ఆరాధన క్రమంలోని గ్రాంథిక తెలుగు చదవడం రాదు, నాకు తెలుసు, పెదవులు కదుపుతారంతే. అది మీ తప్పు కాదు. వాడుక తెలుగులో క్రమం రాసుకుందాం, కావాలంటే తమిళ అక్షరాల్లో అచ్చు వేద్దాం. దీనికి మహాసభ అనుమతి వచ్చేదాకా కూర్చోనక్కరలేదు.

ఇక మేం ఏం చేశామో చెబుతాను. గొప్పగా చెప్పుకోవడానికేం లేదు, సగం పనే అయింది.

కమిటీలో మూడు నెలలు మాట్లాడాక, మొదటి ఆదివారం ఉదయం బల్ల అలాగే ఉంచి, మూడో ఆదివారం సాయంత్రం ఆరున్నరకు ఇంకొకటి పెట్టుకున్నాం. బల్లను కఠాంజనం లోపలి నుంచి కిందికి తెచ్చి, గుడి మధ్యలో వేసి, చుట్టూ చాపలు పరిచాం. రొట్టె బయట కొనం, ఇంటికొక వంతు. పులియని చపాతీయే. కానుకతోపాటు ఎవరికి తోచినంత బియ్యం తెస్తారు. ఆరాధన అయ్యాక వెనకాల వంటషెడ్డులో ఒకే గుండిగలో సాంబారన్నం. మా పెద్ద ఒకాయన, మంచివాడే, "ప్రభు బల్లను అన్నదానం చేశారు అయ్యగారూ" అన్నాడు. కొరింథువాళ్లు దాన్ని భోజనంగానే తినేవారండీ అన్నాను. ఆయనకు నచ్చలేదు. ఇప్పటికీ సాయంత్రం రాడు.

డ్యూటీలో ఉన్నవాళ్ల దగ్గరికి ఇద్దరిద్దరు యవ్వనస్థులు రొట్టె, రసం తీసుకెళుతున్నారు. మొదటి నెల ఒక అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ క్యాబిన్‌లో బల్ల జరిగింది. మా కుర్రవాడు వచ్చి, "ఆ అంకుల్ ఏడ్చాడన్నా" అన్నాడు. ఇంకేమీ చెప్పలేకపోయాడు.

సాయంత్రపు ప్రార్థనల్లో ఒక అలవాటు చేసుకున్నాం. మురుగు గుంటల్లో దిగి చనిపోయినవాళ్ల కోసం ఆగి ప్రార్థిస్తాం. ఆ పనిలోకి మనుషుల్ని దించకూడదని 2013లో చట్టం వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షలివ్వాలంది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. మీ వీధిలో అలాంటి కుటుంబముంటే ఆ డబ్బు అందిందో లేదో అడగండి, కాగితాలు లేకపోతే నా దగ్గరికి తీసుకురండి. ఈ పోరాటానికి ముందు నడిచిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో, తెలుగు మాట్లాడే దళిత క్రైస్తవ కుటుంబంలో, ఇదే పని చేసే ఇంట్లో పుట్టాడు. మనలాంటి వలస సంఘాల బిడ్డ.

ఓటు నియమం ఇంకా మారలేదు. సాయంత్రపు బల్లను కూడా రిజిస్టరులో లెక్కించాలని ఉత్తరం రాశాం. "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది. పోయిన జాబితాలో నేను పెట్టిన సంతకం తప్పని కమిటీ ముందు ఒప్పుకుని, అది మినిట్స్‌లో రాయించాను. తమ్ముళ్లూ, మీరు ఊళ్లకు వెళ్లాక ఒక్క పని చేయండి. మీ సంఘపు రిజిస్టరు అడిగి తీసుకుని, "క్రమంగా రారు" అని ఎవరి పేరు పక్కన రాశారో చూడండి. తర్వాత వాళ్లింటికి వెళ్లి, ఆదివారం ఎన్నింటికి పని వదులుతారో అడగండి.

ఇంకొక సంగతి చెప్పి కూర్చుంటాను. ఈ మూడో ఆదివారం రొట్టె చేసే వంతు ఆ అక్కది. ఆ ఇంటి పొయ్యి మీద కాల్చిన చపాతీ బల్ల మీదికి రావడం ఇదే మొదటిసారి. పోయిన వారం క్వార్టర్స్ నుంచి రెండు కుటుంబాలవాళ్లు ఫోన్ చేసి, ఈసారి వంతు ఎవరిదని అడిగారు. ఇంతకుముందెప్పుడూ అడగలేదు. ఎవరిదో చెప్పాను. వాళ్లు వస్తారో రారో ఆరున్నరకు తెలుస్తుంది. మీలో దగ్గరున్నవాళ్లు కూడా రండి, పనిలోంచి ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఏడుంపావు దాకా ఆగుతాం.